గెంతులు వద్దు, బలం కావాలి

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. నాకు 47 ఏళ్లు. స్కూల్లో పాఠాలు చెబుతాను, పది నుంచి నాలుగు దాకా నిలబడే ఉంటాను. ఇంట్లో మావారు, ప్లస్ టూ చదివే అమ్మాయి, నిరుడు తుంటి ఎముక విరిగి ఆపరేషనైన అత్తగారు ఉన్నారు. ఆవిణ్ని మంచం మీంచి లేపి కూర్చోబెట్టడం నా పనే, నడుం పట్టేస్తోంది. మూడేళ్లలో ఆరు కిలోలు పెరిగి 68కి వచ్చాను. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. జిమ్ములో చేరితే మొదటి వారమే రోజుకి 50 స్క్వాట్లు చేయించారు. మోకాళ్లు వాచి రెండు నెలలకే మానేశాను. తర్వాత ఫోన్లో చూసి జుంబా మొదలుపెట్టాను. గెంతినప్పుడు ఒక ఇబ్బంది, చెప్పకపోయినా మీకర్థమవుతుంది. పొద్దున్నే నడుద్దామంటే ఏప్రిల్‌లో స్కూలు పొద్దుటి పూటకి మారగానే ఆ నడకా పోతుంది. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది, వచ్చినప్పుడు మరీ ఎక్కువగా అవుతోంది. రాత్రుళ్లు చెమటలు పట్టి మెలకువ వచ్చేస్తోంది. లక్ష్మివారం, శనివారం ఒక్కపొద్దు ఉంటాను. "ఈ వయసులో ఈ గెంతులేటే" అంటారు అత్తగారు. రోజుకి అరగంట మించి దొరకదు. యోగానా, నడకా, జిమ్మా? ఏది పెట్టుకుంటే మధ్యలో ఆగకుండా ఉంటుంది?
– ఒక టీచరు

సమాధానం: మీ అత్తగారి మాటలో సగం నిజముంది. గెంతులు ఇప్పట్లో మీకు వద్దు. కానీ ఆవిడ తుంటి ఎలా విరిగిందో గుర్తు చేసుకుంటే, ఈ వయసులోనే మొదలుపెట్టాల్సింది ఏమిటో కూడా తెలుస్తుంది. నెలసరి ఆగిపోయే రోజులకి అటూ ఇటూ ఉన్న కొన్నేళ్లలో ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గడంతో ఎముక గట్టిదనం త్వరత్వరగా పోతుంది. కండ కూడా తరుగుతూ వస్తుంది. ఈ రెండింటినీ పట్టి ఉంచేది బరువు మోసే పని. అందుకని మీ మూడు ప్రశ్నలకీ ఒకటే జవాబు: ముందు బలం, తర్వాత నడక, ఇష్టముంటే యోగా. బలానికి వారంలో రెండు సాయంత్రాలు, ఒక్కోసారి 20 నిమిషాలు. అది కూడా ఇంట్లోనే.

రోజూ అరగంట అని పెట్టుకోకండి. రోజూ అనుకున్నది ఒక్క రోజు తప్పితే మనసు విరిగిపోతుంది, రెండు రోజులు తప్పితే "ఇంక నా వల్ల కాదు" అనిపిస్తుంది. వారానికి రెండుసార్లు అనుకుంటే ఒకటి తప్పినా పక్కరోజు జరుపుకోవచ్చు. మీ ఒక్కపొద్దు రోజులు తీసేస్తే సోమవారం, శుక్రవారం కుదురుతాయి. బుధవారం ఖాళీగా ఉంచండి, తప్పిపోయిన సోమవారానికి అది బదులు. శుక్రవారం తలంటు అంటారేమో, వ్యాయామం చేసి ఆ తర్వాతే పోసుకోండి.

మొదలుపెట్టే ముందు ఒక పని తప్పనిసరి. మీ నెలసరి గురించి గైనకాలజిస్టుకి చూపించుకోండి. "మెనోపాజ్ కదా, మామూలే" అని ఊరుకోవద్దు. గంటకో ప్యాడ్ మార్చాల్సి వచ్చినా, ఏడు రోజులు దాటినా, పెద్ద పెద్ద గడ్డలు పడినా, ఏడాదిపాటు ఆగిపోయి మళ్లీ కనిపించినా వెంటనే వెళ్లాలి. దాంతోపాటు హిమోగ్లోబిన్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సుగర్ సగటు), థైరాయిడ్, బీపీ చూపించుకోండి. ఆడవాళ్లకి హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. 9, 10 ఉన్నవాళ్లకి నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. దాన్ని బద్ధకం అనుకుని తమని తామే తిట్టుకుంటారు. రక్తం లేకుండా ఎంత వ్యాయామం చేసినా ఒంటికి పట్టదు, ముందు దాన్ని సరిచేసుకోవాలి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య వస్తే సుగర్ గుమ్మంలో ఉన్నట్టు. అలా వచ్చినా బెంగ వద్దు, కింద చెప్పే నడక ముఖ్యంగా దానికే.

ఇక ఆ 20 నిమిషాల్లో ఏం చేయాలి?

కుర్చీ లేవడం, కూర్చోవడం. జిమ్ములో మీ మోకాళ్లని వాచేలా చేసింది స్క్వాట్ కాదు, దాని లోతూ లెక్కా. మొదటి వారంలోనే 50 ఎవరి మోకాలికైనా ఎక్కువే. చేతులు లేని గట్టి కుర్చీని గోడకి ఆనించి పెట్టండి. పైన దుప్పట్లు రెండు మడతపెట్టి వేసి ఎత్తు పెంచండి. పాదాలు తుంటి వెడల్పులో ఉంచి, మడమలు నేలకి ఆనించండి. ముక్కు కాలి బొటనవేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకి వాలి లేవండి. కూర్చునేటప్పుడు ఒకటి, రెండు, మూడు లెక్కపెడుతూ దిగండి. ఆఖర్న ధబ్బున పడిపోతున్నారంటే కుర్చీ ఇంకా ఎత్తు కావాలి. మోకాళ్లు లోపలికి ఒకదానివైపు ఒకటి వాలకుండా చూసుకోండి, నొప్పి చాలావరకు అక్కణ్నుంచే వస్తుంది. 8 సార్లు చేసి, నిమిషం ఆగి, మళ్లీ 8. రెండు సెట్లలోనూ 12 సులువుగా వచ్చాక ఒక దుప్పటి తీసేయండి. రెండోదీ తీసేశాక రెండు కిలోల పప్పు సంచి గుండెకి హత్తుకుని చేయండి. పెంచడమంటే ఇదే. ఒకసారికి ఒక్కటే మార్చాలి.

నొప్పికి ఒక కొలత పెట్టుకోండి. పదికి మూడు లోపు ఉండి, మర్నాడు పొద్దున్నకి మామూలైపోతే ఫర్వాలేదు, కొనసాగించండి. మూడు దాటినా, మర్నాడు మోకాలు ఉబ్బినా ఎత్తు పెంచి, లెక్క తగ్గించండి, మానేయొద్దు. తొడల్లో ఒకటి రెండు రోజులుండే సలుపు వేరు, అది కొత్త పనికి కండరం చెప్పే మాట. కీలు పట్టేసి చాపలేకపోయినా, ఎర్రగా వేడిగా ఉబ్బినా డాక్టరుకి చూపించాలి.

గట్టు మీద తోపుడు. వంటగట్టు అంచున అరచేతులు ఆనించి, ఒకటిన్నర అడుగు వెనక్కి జరిగి, తల నుంచి మడమ దాకా బల్లలా ఉంచి, ఛాతీని గట్టు దగ్గరికి తెచ్చి వెనక్కి తోయండి. 8 చొప్పున రెండుసార్లు. గట్టూ, నేలా పొడిగా ఉండాలి. తడిగా ఉంటే జారిపడతారు. మణికట్టు నొప్పెడితే గోడ మీద మొదలుపెట్టండి.

సంచి లాగడం. చేతిసంచిలో కిలో ప్యాకెట్లు మూడు వేసి, ఎడమచేయి కుర్చీ మీద ఆనించి ముందుకి వంగి, కుడిచేత్తో సంచిని తుంటి వైపు లాగండి. మోచెయ్యి ఒంటిని రాసుకుంటూ వెళ్లాలి, భుజం చెవిదాకా లేవకూడదు. 10 సార్లయ్యాక చెయ్యి మార్చండి. రోజంతా బోర్డు మీద రాసి, కాపీలు దిద్ది, ఫోను చూసి ముందుకి వాలిపోయిన భుజాలకి ఇది పనికొస్తుంది.

తుంటి వంపు. మీకిదే అన్నిటికంటే ముఖ్యం, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. వీపు గోడ వైపు ఉండేలా, గోడకి జానెడు దూరంలో నిలబడండి. మోకాళ్లు కొంచెం సడలించండి. నడుం వంచకుండా పిరుదుల్ని వెనక్కి తోసి గోడకి తగిలించండి, మళ్లీ నిటారుగా రండి. తొడల వెనక లాగినట్టుంటే సరిగ్గా వచ్చినట్టు. నడుంలో లాగితే వీపు గుండ్రంగా వంగిందన్నమాట. 10 సార్లు చేయండి. సులువయ్యాక ఇంకొంచెం జరగండి. నెలయ్యాక పీట మీద పెట్టిన సంచిని ఇదే వంపుతో ఎత్తి దించండి. బిందె ఎత్తినా, అత్తగారిని లేపినా ఈ వంపే కావాలి.

ఆవిణ్ని లేపడం గురించి. చేతులు పట్టుకుని లాగుతున్నట్టయితే మానేయండి, ఆవిడ భుజానికీ మంచిది కాదు, మీ నడుమూ నిలవదు. తుంటికి ఆపరేషనైంది కనక ఏ పక్కకి దొర్లించవచ్చో, కాళ్లు ఎలా ఉంచాలో ఆవిడ డాక్టరుని ముందడగండి. సరేనన్న పక్కకి ఒత్తిగిలించి, కాళ్లు రెండూ మంచం దింపి, ఒక చెయ్యి భుజం కింద, ఇంకోటి తుంటి మీద వేసి పైకి లేపండి. కాళ్లు దిగే బరువుకి పైభాగం దానంతటదే సగం లేస్తుంది. మీరు వీలైనంత దగ్గరగా నిలబడి, ఒక కాలు ముందుకి వేసి, మోకాళ్లు సడలించి, ఊపిరి వదులుతూ లేపండి. ఊపిరి బిగబడితే బీపీ అమాంతం పెరుగుతుంది. వ్యాయామం మొత్తానికీ ఈ మాటే: ఎత్తేటప్పుడు ఊపిరి బయటికి.

బకెట్లు మోయడం. రెండు బకెట్లలో నాలుగేసి లీటర్లు పట్టి, రెండు చేతుల్లో పట్టుకుని, హాల్లోనో డాబా మీదో అరనిమిషం నడవండి. దింపి, ఆగి, మళ్లీ. మూడుసార్లు. నెలకోసారి లీటరు పెంచండి. ఒకే చేత్తో మోస్తే ఒళ్లు పక్కకి ఒరిగి నడుం మీద పడుతుంది, అందుకే రెండు.

"ఇంటిపని అంతా నేనే చేస్తున్నాను, అది వ్యాయామం కాదా" అని చాలామంది అడుగుతారు. కదలిక కిందికి వస్తుంది, సుగర్‌కీ మంచిదే. కానీ ఇరవై ఏళ్లుగా అదే బకెట్, అదే చీపురు, అదే వంపు. ఒళ్లు దానికి ఎప్పుడో అలవాటుపడిపోయింది. బరువు కొంచెం కొంచెం పెరిగితేనే ఎముకకీ కండకీ కబురు అందుతుంది. మీరు రోజంతా నిలబడి చెప్పే పాఠాలూ అంతే. కాళ్లు లాగుతాయి, బలం రాదు.

ఇప్పుడు మీరు చెప్పకుండా వదిలేసిన మాట. గెంతినా, తుమ్మినా, దగ్గినా ఒకటి రెండు చుక్కలు పడటం ఈ వయసులో, ముఖ్యంగా కాన్పులైనవాళ్లలో చాలామందికి ఉంటుంది. ఎవరూ బయటికి అనరు. కటి కింది కండరాలు సడలడం వల్ల అది. మూత్రాన్నీ, గ్యాసునీ ఒకేసారి ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి బిగించండి. పొట్ట, పిరుదులు, తొడలు బిగుసుకోకూడదు. 5 లెక్కపెట్టేదాకా పట్టి, 5 లెక్కపెట్టేదాకా పూర్తిగా వదలండి. 8 నుంచి 10 సార్లు, రోజుకి మూడు పూటలు. స్టాఫ్ రూములో కూర్చుని చేసినా ఎవరికీ తెలియదు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి సాధన చేయవద్దు, అది అలవాటైతే మూత్రం పూర్తిగా పోదు. ఫలితం కనపడటానికి మూడు నెలలు పడుతుంది, రెండు వారాలకి వదిలేసేవాళ్లే ఎక్కువ. తుమ్ము వచ్చే ముందు, బకెట్ ఎత్తే ముందు ఒకసారి బిగించడం అలవాటు చేసుకోండి. అప్పటికీ తగ్గకపోతే గైనకాలజిస్టుకే చెప్పండి, దానికీ వైద్యముంది.

నడకకి పొద్దున్న గంట వెతుక్కోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకి పని అని ఉంది. ఒక్కసారికి కనీసం 10 నిమిషాలైనా ఉంటేనే లెక్క అన్న పాత షరతు తీసేశారు. ముక్కలుగా నడిచినా మొత్తం లెక్కలోకి వస్తుంది. మీకు రాత్రి భోజనం అయ్యాక 10 నిమిషాలు అన్నిటికంటే లాభం. అన్నం తిన్నాక సుగర్ పైకి లేచే సమయానికే కాళ్ల కండరాలు దాన్ని వాడేసుకుంటాయి. వీధిలో అయినా, డాబా మీద అయినా సరే. ఏప్రిల్‌లో స్కూలు వేళలు మారినా రాత్రి భోజనం మారదు కదా, అందుకే దానికి కట్టాను. స్కూలుకి ఆటోలో వెళ్తుంటే రెండు వీధుల ముందు దిగండి. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, వేగం అంత. హవాయి చెప్పులతో వద్దు. మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు గానీ షూ గానీ వేసుకోండి. ఆదివారం గోపాల్‌పూర్ సముద్ర తీరానికి వెళ్తే సరదాగా నడవండి, కానీ మెత్తటి ఇసుకలో మోకాళ్ల నొప్పితో ఎక్కువ దూరం వద్దు, అలలు తడిపి గట్టిపడిన ఇసుక మీద నడవండి.

ఇంతవరకూ చెప్పినదాంట్లో కష్టమైంది ఏదీ లేదు. కష్టమంతా సాయంత్రం 4:45కి ఇంటికొచ్చాక కుర్చీలో కూలబడటంలో ఉంది. టీ కప్పుతో కూర్చున్నారంటే ఆ రోజు అయిపోయినట్టే. అందుకని సోమ, శుక్రవారాల్లో కాళ్లు కడుక్కోగానే చీర మార్చి చుడీదార్ వేసుకోండి. నైటీ వద్దు, కుర్చీలోంచి లేచేటప్పుడు అంచు కాలికింద పడుతుంది. ముందు ఆ 20 నిమిషాలు, తర్వాతే టీ. ఆ సమయంలో అత్తగారి దగ్గర ఎవరుంటారు, టీ ఎవరు పెడతారు అన్నది ముందే తేల్చుకోండి. సోమవారం మీవారు, శుక్రవారం అమ్మాయి అని పేర్లతో సహా క్యాలెండర్ మీద రాయండి. "కొంచెం సాయం చేయండి" అంటే ఎవరికీ తమ వంతు ఏదో తెలియదు.

చెడ్డ వారాలకి వేరే కోటా పెట్టుకోండి. మేలో ఉక్కపోత, తర్వాత వానలు, దసరా, అక్టోబరులో తుపాను భయం. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, ఆ నెల ఎవరికీ దినచర్య అన్నది లేదు. మార్గశిరం వస్తే ముగ్గులూ, పిండివంటలూ, లక్ష్మివారం పూజలూ. మధ్యలో అమ్మాయి పరీక్షలు. ఇవన్నీ తీసేస్తే సంవత్సరంలో మిగిలేవి కొన్ని వారాలే. మంచి వారాల కోసం మాత్రమే వేసుకున్న పట్టీ అందుకే తేలిపోతుంది. చెడ్డ వారంలో కుర్చీ 10, గట్టు 8, బకెట్లు ఒక విడత, మొత్తం ఆరు నిమిషాలు. ఇదీ రెండు రోజులే. సంపాదించిన బలాన్ని నిలబెట్టుకోవడానికి, సంపాదించినప్పటి పనిలో కొంత భాగం చాలు, కాకపోతే బరువు తగ్గించకూడదు. సెట్లు తగ్గించండి, సంచి అదే ఉంచండి. పూర్తిగా ఆగిపోయి రెండు మూడు వారాలైతే, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఒక సెట్టే, బరువు మూడోవంతు తగ్గించి. పాత లెక్క దగ్గరే అందుకుంటే మోకాళ్లు మళ్లీ వాస్తాయి. జ్వరమొస్తే తగ్గేదాకా ఏమీ వద్దు.

తిండి గురించి రెండు మాటలే. మీ బరువుకి రోజుకి 60 గ్రాముల ప్రోటీన్ అందాలి. అన్నం, పప్పు, చారుతోనే అంత రావడం కష్టం. గుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల చేపలో 18 నుంచి 20, పొడి మీల్‌మేకర్ 30 గ్రాముల్లో దాదాపు 15, గుప్పెడు వేయించిన శనగల్లో 6 దాకా ఉంటాయి. పొద్దున్న ఉప్మా బదులు పెసరట్టు, సాయంత్రం మిక్చరు బదులు శనగలు, చేప తినేరోజుల్లో ముక్క ఒకటి ఎక్కువ. ఎండాకాలం పఖాళ (నీళ్లు పోసిన చద్దన్నం) మానక్కర్లేదు, పక్కన ఆలూ వేపుడుతో సరిపెట్టకుండా చేపో గుడ్డో ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరుని అడక్కుండా ప్రోటీన్ పెంచకూడదు. హిమోగ్లోబిన్ తక్కువుంటే భోజనానికి ముందూ వెనకా గంటసేపు టీ వద్దు, ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

బరువు విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోకండి. వ్యాయామం ఒక్కదానితో మూడు నెలల్లో ఒకటి రెండు కిలోలు తగ్గితే గొప్పే. నడుం చుట్టుకొలత చూడండి, మన ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే ఎక్కువ కింద లెక్క. ఇంకో కొలత: మామూలు ఎత్తు కుర్చీలోంచి చేతులు గుండెకి కట్టుకుని 30 సెకండ్లలో ఎన్నిసార్లు లేవగలరో ఇవాళ రాసిపెట్టుకోండి, నెలనెలా చూసుకోండి. 60 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లే 12 కంటే తక్కువ లేస్తే తక్కువ బలమంటారు, మీరు అంతకు పైనే ఉండాలి. రాత్రి చెమటలు వ్యాయామంతో తగ్గుతాయని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి, కొందరికి తగ్గుతాయి, కొందరికి తగ్గవు. మరీ బాధిస్తుంటే మందులున్నాయి, గైనకాలజిస్టు దగ్గరికి ఎలాగూ వెళ్తున్నారు, అడగండి.

యోగా మీకిష్టమైతే, సోమవారం తప్పని వారాల్లో బుధవారం చేసుకోండి, ఒళ్లు సడలుతుంది, నిలకడ వస్తుంది. దాన్ని సోమవారానికి బదులు చేయకండి. మళ్లీ జిమ్ముకి వెళ్లాలనిపిస్తే, మొదటి నెల ఒక్కో కదలికకి రెండు సెట్ల కంటే ఎక్కువ చేయించే ట్రైనరుకి దణ్నం పెట్టి వచ్చేయండి.

మూడు నెలలయ్యాక కూడా మెట్లు దిగేటప్పుడు మోకాలు అలాగే నొప్పెడితే ఫిజియోథెరపిస్టుకి చూపించండి. ఎక్స్‌రేలో "అరిగింది" అని వస్తే కంగారుపడి కదలడం మానొద్దు. ఫిల్ములో అరుగుదల కనిపించి నొప్పి లేనివాళ్లు చాలామందే ఉంటారు. తొడ కండ గట్టిపడితే కీలు మీద భారం తగ్గుతుంది. ఆ ఫిల్ము పట్టుకెళ్లి, కుర్చీ ఎంత ఎత్తులో, ఎన్నిసార్లు చేస్తున్నారో చెప్పండి, దాన్ని బట్టి ఆయన మారుస్తారు.